పొగ లోపలికే పోయింది

కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్న కుర్రాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇందులో నేను సాధించిన ఘనకార్యం ఏమీ లేదు. పని మానేసినవాళ్ళు పాత సంగతులు రాస్తే, ఊళ్ళో అందరికీ చేతకానిది తామొక్కళ్ళే చేసినట్టు రాస్తారు. నేను బందరులో ఇరవై రెండేళ్ళు షాపు నడిపాను కాబట్టి అలాంటివి నాకూ నాలుగైదు ఉన్నాయి. కానీ వాటిలో ఒక్కటీ నాకు పొద్దున్నే గుర్తుకు రాదు. గుర్తుకొచ్చేది ఇదే.

షాపు ఇద్దరిది. రెండోవాడు గుడివాడ మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు గానీ మొదటి వారంలోనే బావా అంటే బావా అనుకున్నాం. రోజూ పొద్దున్న ప్యాసింజరులో పెడన మీదుగా వచ్చి, సాయంత్రం అదే దారిన వెళ్ళేవాడు. పని మేము పంచుకోలేదు, అదే మమ్మల్ని పంచుకుంది. బోర్డు, కరెంటు, సాఫ్ట్‌వేరు నావి. డబ్బా ఆయనది. డబ్బా అంటే కంప్యూటర్ని పెట్టే ఇనప పెట్టె. దానికి ఫ్యాన్లు బిగించడం, వైర్లు గాలికి అడ్డం రాకుండా వెనక్కి కట్టడం, దుమ్ము దులపడం అన్నీ ఆయనే చూసుకునేవాడు. అది చేతిపని, బుర్రకి సంబంధించింది కాదని నా అభిప్రాయం. పైకి అనేవాణ్ణి కాదు గానీ, ఆయనకి తెలుసు.

నేను పెళ్ళి చేసుకోలేదు. అంచేత ఆయన క్యారియర్‌లో ఇద్దరికి సరిపడా అన్నం వచ్చేది. ఆవిడని నేను ఎన్నడూ చూడలేదు కానీ గోంగూర పచ్చడిలో ఉప్పు ఎంత వేస్తుందో నాకు తెలుసు. పంతొమ్మిదేళ్ళు ఆ చేతి అన్నం తిన్నాను. ఒక్కసారి కూడా గుడివాడ వెళ్ళి వాళ్ళ ఇంటి గుమ్మం తొక్కలేదు.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. కంప్యూటరు తయారయ్యాక, కస్టమరుకి ఇచ్చేముందు దాన్ని ఆన్ చేసి, ఒక అగరొత్తి వెలిగించి డబ్బా చుట్టూ నెమ్మదిగా తిప్పేవాడు. ముందు, పక్కన, పైన, వెనక. వెనక మరీ ఎక్కువసేపు నిలబడేవాడు. నాకు దేవుడితో పెద్దగా పరిచయం లేదు. రోజూ ఏదో ఒకటి అనేవాణ్ణి, ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఒకరోజు షాపు నిండా జనం ఉన్నప్పుడు నా నోరు ఊరుకోలేదు.

"అది కంప్యూటరు బావా, అమ్మవారు కాదు. ఇంకాసేపు వదిలేస్తే పొంగళ్ళు కూడా పెట్టేలా ఉన్నావు" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అగరొత్తిని గోడకి ఆనించి ఆర్పి, చేతులు కడుక్కుని, క్యారియర్ విప్పకుండానే తీసుకుని మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని నేను చేయలేదు. ఎన్నాళ్ళు అలుగుతాడులే, రేపో ఎల్లుండో వాడే వస్తాడు అనుకున్నాను. నెల అయింది, రెండు నెలలు అయింది. మధ్యాహ్నం హోటల్లో భోంచేసి వచ్చి, షాపులో ఫ్యాను కింద కూర్చుంటే మాట్లాడటానికి మనిషి ఉండేవాడు కాదు. కంప్యూటర్లతో మాట్లాడటం మొదలుపెట్టాను. నవ్వకండి, మీకూ ఆ రోజులు వస్తాయి.

ఆ రోజుల్లోనే దివిసీమ నుంచి ఒకాయన వచ్చాడు. నాగాయలంక అవతల, సముద్రం ఒడ్డు ఊరు. చేపల వేటకి వెళ్ళే కుటుంబం. ఆయన మాత్రం వేట మానేసి అక్కడి ఐసు ఫ్యాక్టరీలో మెషిన్లు చూసే పనిలో ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఇంట్లో తల్లీ తనూ. గేములు ఆడే కంప్యూటరు కావాలన్నాడు. ఈ వయసులోనా అని నా మొహంలో కనిపించిందేమో, తనే చెప్పాడు. డ్యూటీ మధ్యాహ్నానికి అయిపోతుంది, సాయంత్రం ఐదింటికి ఆట. నలుగురు కలిసి ఆడాలి. మిగతా ముగ్గురూ ఒకళ్ళు హైదరాబాదులో, ఒకళ్ళు కాకినాడలో, ఒకమ్మాయి బెంగళూరులో. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చెవులకి పెట్టుకునే మైకులోనే మాటలు. అందరిలోకీ తనే పెద్ద కాబట్టి బాబాయ్ అంటారు.

అంత పెద్ద గేమింగ్ డబ్బా నేను ఒక్కణ్ణే బిగించడం అదే మొదలు. పక్కన అద్దం తలుపు, రంగురంగుల లైట్ల ఫ్యాన్లు. ఆఫీసు కంప్యూటర్లకి కంపెనీ వాళ్ళే ఫ్యాన్లు బిగించి పంపుతారు, చూసుకోవాల్సిన పని లేదు. వీటికి విడిగా వస్తాయి. ఇలాంటివన్నీ మా బావే చేసేవాడు. ఇందులో ఏముందిలే అనుకుని, ఫ్యానుకి లైట్లు అందంగా కనిపించే ముఖం ఏదో చూసి, ముందు మూడూ వెనక ఒకటీ అన్నిటి ముఖాలూ బయటికి పెట్టి బిగించాను. చూడముచ్చటగా ఉంది. ఆ మాట బల్ల అవతలి వైపు చూస్తూ పైకే అన్నాను. అక్కడ ఎవరూ లేరు.

వారం తిరక్కుండా ఫోను వచ్చింది. ఆట మొదలైన అరగంటకి కంప్యూటరు దానంతటదే ఆగిపోతోంది. బస్సెక్కి చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక మీదుగా వెళ్ళాను. డబ్బా మీద చెయ్యి పెడితే అట్లపెనంలా ఉంది. లోపల వేడి హద్దు దాటగానే ప్రాణం కాపాడుకోడానికి అదే ఆగిపోతోంది. అద్దం తలుపు తీసి ఆడించినా ఇంకో పావుగంట ఎక్కువ ఆడిందంతే. దుమ్ము దులిపాను, వేడిని లాగే పేస్టు మార్చాను. లోపలికి గాలి చాలడం లేదని తేల్చి, రెండోసారి వెళ్ళినప్పుడు డబ్బా పైకప్పుకి ఇంకో రెండు ఫ్యాన్లు బిగించాను. వాటి ముఖాలు కూడా బయటికే. ఈసారి ఇరవై నిమిషాలకే ఆగిపోయింది.

అప్పుడాయన చాలా మర్యాదగా ఒక మాట అన్నాడు.

"మా ఫ్యాక్టరీలో చలిని ఎవరూ తయారుచేయరండి, మావయ్యగారూ. నీళ్ళలో ఉన్న వేడిని బయటికి తోలేస్తాం. అది పోతే మిగిలేదే ఐసు. దీంట్లో వేడి ఎటు పోతుందండీ?"

ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు? నేను వినలేదు. ఐసు ఫ్యాక్టరీ వేరు, కంప్యూటరు వేరు బాబూ అని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. తప్పు గదిదన్నాను. రేకుల కప్పు, పడమటి ఎండ, ఉప్పుగాలి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఒక్కదాన్నీ వదల్లేదు. పాపం ఆయన మర్నాటి నుంచి ఫ్యాక్టరీ ఐసు గడ్డ ఒకటి తొట్టిలో వేసి, డబ్బా ముందు పెట్టి, దాని వెనక టేబుల్ ఫ్యాను పెట్టి ఆడాడట. చల్లదనం సంగతి అటుంచి లోపల చెమ్మ పట్టి స్క్రూలు తుప్పెక్కాయి. అది చూసి మూడోసారి వెళ్ళినప్పుడు గట్టిగా కోప్పడ్డాను. నా తప్పుకి ఆయన్ని కోప్పడ్డానని అప్పుడు నాకు తెలియదు.

వాళ్ళ ఇంట్లో పెంకుల కప్పున్న లోపలి గది కాస్త చల్లగా ఉంటుంది. అది వాళ్ళమ్మగారు పడుకునే గది. కంప్యూటర్ని అందులోకి మార్చమన్నాను. ఆవిడ తన మంచాన్ని వసారాలోకి మార్చుకుంది. దోమల్లో పడుకుంటున్నానని నాతో ఒక్క మాట అనలేదు. వాడు సాయంత్రం కాసేపు నవ్వుతాడు నాయనా, అది చాలు అంది. కంప్యూటరు ఆ గదిలోనూ ఆగిపోయింది.

అక్కడితో మూడు వారాలైంది. ఆ వారం మధ్యలో ఆయన ఫోను చేశాడు. వచ్చే ఆదివారం నుంచి వాళ్ళ పోటీ మొదలవుతుంది. పేర్లు ఇచ్చాక పోటీ అయ్యేదాకా నలుగురూ అదే నలుగురు ఉండాలి. ఆదివారం కూడా మధ్యలో మాయమైపోతే వేరేవాళ్ళని తీసుకోక తప్పదని మిగతావాళ్ళు చెప్పారు. కాకినాడ కుర్రాడు ఆ మాట చెప్పడానికి చాలా ఇబ్బంది పడ్డాడట. మీరేమీ అనుకోకండి అని నాకూ చెప్పాడు.

"ఫ్యాక్టరీలో మెషిన్ల హోరుకి మాటలుండవండి. ఇంట్లో అమ్మకి సరిగ్గా వినపడదు. బాబాయ్ వచ్చాడా అని రోజుకోసారి అడిగేది ఆ ముగ్గురేనండి" అన్నాడు.

ఫోను పెట్టేశాక షాపు మధ్యలో చాలాసేపు నిలబడ్డాను. ఆ మాట నాకు కొత్త కాదు. రోజుకోసారి అడిగే మనిషి నాకూ ఉండేవాడు.

శుక్రవారం నాడు ప్రాసెసర్ మీద పెట్టే పెద్ద కూలర్ ఒకటి కొత్తది పట్టుకుని మళ్ళీ బస్సెక్కాను. ఇది కూడా కుదరకపోతే కంప్యూటర్ని వెనక్కి తీసుకొచ్చేద్దామనే వెళ్ళాను. కూలర్ బిగించేసరికి ఐదైంది. ఆయన మైకు పెట్టుకుని ఆటలో కూర్చున్నాడు. నేను డబ్బా పక్కన స్టూలు మీద కూర్చుని తెర మూలన వేడి అంకె చూస్తున్నాను. అంకె ఎక్కుతూనే ఉంది. మైకులోంచి వాళ్ళ నవ్వులు సన్నగా వినిపిస్తున్నాయి. ఈయన మాత్రం నవ్వడం లేదు, ఎప్పుడు ఆగుతుందో అని ఒక కన్ను నా మీదే ఉంచాడు.

అప్పుడు వాళ్ళమ్మగారు సాంబ్రాణి పట్టుకొచ్చింది. శుక్రవారం కదా, మట్టిమూకుట్లో నిప్పుల మీద సాంబ్రాణి వేసి మూలమూలకీ తిప్పుతోంది. కంప్యూటర్ ఉన్న మూలకి వచ్చి, దానికి దిష్టి తగిలిందని ఆవిడ నమ్మకం కాబోలు, వెనక వైపు కాస్త ఎక్కువసేపు మూకుడు పట్టుకుంది.

పొగ పైకి లేవలేదు. సన్నటి పాయగా వంగి, వెనక ఫ్యానులోంచి డబ్బా లోపలికి పోయింది.

నేను స్టూలు మీంచి లేచాను. ఆవిడ భయపడి మూకుడు వెనక్కి తీసింది. అమ్మా, ఇంకోసారి పట్టండమ్మా అన్నాను. ముందు పట్టింది, పొగ లోపలికే. పైన పట్టింది, లోపలికే. ఫ్యాను ముఖం ఉన్న వైపు నుంచి గాలి పీల్చి వీపు వైపుకి తోస్తుంది. ముఖాలన్నీ బయటికి ఉండటంతో ఆరు ఫ్యాన్లూ మూడు వైపుల నుంచి గాలిని లోపలికే తోస్తున్నాయి. బయటికి తోసేది ఒక్కటీ లేదు. కూలర్ కష్టపడి వేడిగాలిని వెనక్కి నెడుతుంటే, వెనక ఫ్యాను దాన్ని మళ్ళీ దాని మొహానే కొడుతోంది. అద్దం తలుపు లోపల పొగ సుడులు తిరుగుతూ ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. మూడు వారాలుగా వేడిని లోపల పెట్టి తలుపేసింది నేనే.

తప్పు తెలిసినందుకు కలగాల్సిన సంతోషం నాకు కలగలేదు. మా బావ అగరొత్తి పట్టుకుని డబ్బా వెనక ఎందుకు అంతసేపు నిలబడేవాడో ఆ క్షణంలో అర్థమైంది. పంతొమ్మిదేళ్ళు నా కళ్ళముందే పొగతో గాలి దారి చూశాడు. నేను పొంగళ్ళు పెట్టేలా ఉన్నావన్నాను.

పైన రెండూ, వెనక ఒకటీ, మూడు ఫ్యాన్లూ విప్పి తిరగేసి బిగించడానికి అరగంట కూడా పట్టలేదు. మళ్ళీ ఆన్ చేసి వెనక అరచెయ్యి పెడితే, గంజి వార్చేటప్పుడు తగిలే ఆవిరిలా వెచ్చటి గాలి తగిలింది. అంకె దిగింది. ఏడు దాటేదాకా ఆడాడు, ఆగలేదు. ఏం చేశారండీ అని అడిగాడు. చిన్న అడ్జస్ట్‌మెంటులే అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. వాళ్ళమ్మగారు మాత్రం గుమ్మంలో నిలబడి, అయితే నా మంచం లోపలికి తెచ్చుకోవచ్చా నాయనా అని అడిగింది. కంప్యూటర్ని మళ్ళీ ఆయన గదిలోకి మార్చి, మంచం ఒక కోడు నేనే పట్టాను.

ఆదివారం ఎవరూ రమ్మనలేదు గానీ వెళ్ళాను. నాలుగింటికి మొదలైంది. ఆ ఆట నాకు అర్థం కాదు. నేను చూసిందల్లా వేడి అంకె, ఆయన మొహం. ఆరు దాటాక అయిపోయింది. ఓడిపోయారు. కంప్యూటరు మాత్రం ఆగలేదు. ఓడినవాళ్ళు అంతలా నవ్వుకోవడం నేనెక్కడా చూడలేదు. వచ్చే వారం టైము మార్పు ఉంటుంది, చూసుకో బాబాయ్ అని ఎవరో అంటున్నారు. చూసుకుంటానన్నాడు ఆయన. కళ్ళు తుడుచుకుని, మైకు తీసి నా చెవులకి పెట్టాడు. మా మెకానిక్ గారు అని పరిచయం చేశాడు. ముగ్గురూ థాంక్స్ అంకుల్ అన్నారు.

ఇక ఉండలేకపోయాను. "తప్పు నాదేనమ్మా. ఫ్యాన్లు తిరగేసి పెట్టాను. మూడు వారాలు మీ బాబాయ్‌ని మీ దగ్గరికి రాకుండా చేసింది నేనే" అన్నాను. పక్కన ఆయన వింటున్నాడని తెలిసే అన్నాను.

 బెంగళూరు అమ్మాయి అంది: "పర్లేదంకుల్. ఆ మూడు వారాలూ ఆయన మాయమయ్యాక మేం ముగ్గురమే ఆడాం. రోజూ ఓడిపోయాం. ఆయన చోటు మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేదు."

ఐసు ఫ్యాక్టరీ ఆయన నవ్వి, మైకు మళ్ళీ తన చెవులకి పెట్టుకున్నాడు. వాళ్ళమ్మగారు రెండు పండుగప్ప చేపలకి ఉప్పు రాసి కట్టి ఇచ్చింది. బస్సులో వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆ అమ్మాయి మాటే చెవుల్లో ఉంది. మొహం కూడా తెలియనివాళ్ళు మూడు వారాలు ఓడిపోయి ఒక మనిషి చోటు కాపాడారు. నేను పంతొమ్మిదేళ్ళు పక్కన కూర్చున్న మనిషి కుర్చీని మూడో రోజునే తీసుకెళ్ళి వెనక సామాన్ల గదిలో పడేశాను. ఖాళీగా కనిపిస్తుంటే చిరాకు వేసేది మరి.

మర్నాడు షాపు తీయకుండా గుడివాడ రైలెక్కాను. స్టేషన్లో దిగి అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. తలుపు తీసిన ఆవిడ నన్ను ఎప్పుడూ చూడలేదు, అయినా ఎవరని అడగలేదు. మీకు ఉప్పు తక్కువ వేయాలి కదా అంటూ లోపలికి వెళ్ళి మూడో కంచం తీసింది. మా బావ వసారాలో పేపరు చదువుతున్నాడు. ఈ కొద్ది నెలల్లోనే జుట్టు బాగా నెరిసింది. కూర్చో అన్నాడు.

జరిగిందంతా చెప్పాను. ముఖాలు బయటికి పెట్టానంటే పగలబడి నవ్వాడు. పొగతో గాలి చూస్తున్నానని ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మొదట్లో దేవుడి కోసమే తిప్పాను. ఒకరోజు పొగ ఎటు పోతోందో కనపడింది. అప్పట్నుంచి రెండిటి కోసం తిప్పాను. నువ్వు మొదటిదాన్ని ఎక్కిరించావు గానీ రెండోది అడగలేదుగా బావా" అన్నాడు.

ఆ రోజు నేను అన్న మాటకి క్షమించమన్నాను. అది రాసినంత తేలిక కాదు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నువ్వన్నదానికి నాకు కోపం ఒక్క పూటే. మర్నాడు పొద్దున్న క్యారియర్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను. ఒక్క ఫోను చేస్తాడు, ఎక్కేద్దాం అనుకున్నాను. రైలు వెళ్ళిపోయింది. మూడు రోజులు అలాగే వెళ్ళి నిలబడ్డాను. నాలుగోరోజు ఈవిడ క్యారియర్ కట్టలేదు."

మళ్ళీ రమ్మని అడగడానికే నేను అంతదూరం వెళ్ళింది. ఆయనకీ ఆ సంగతి అర్థమై ఉంటుంది. ఇక్కడే ఒక స్కూల్లో కంప్యూటర్లు చూస్తున్నానని, ఇంటికి దగ్గరని, రైలు టైముకి లేచే అలవాటు తప్పిపోయిందని, నేను అడక్కుండానే మెల్లగా చెప్పాడు. భోంచేశాం. పచ్చడిలో ఉప్పు సరిగ్గా ఉంది. స్టేషన్‌దాకా వచ్చి రైలు కదిలేవరకూ నిలబడ్డాడు.

ఇంకో రెండేళ్ళు షాపు ఒక్కణ్ణే నడిపి మూసేశాను. ఐసు ఫ్యాక్టరీ ఆయన ఇప్పటికీ ఆడుతున్నాడు, అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. మా బావతో పండక్కీ పబ్బానికీ మాట్లాడుతుంటాను. బాగానే మాట్లాడుకుంటాం. కానీ పొద్దున్న గుడివాడ నుంచి వచ్చే ప్యాసింజరు కూత వినపడగానే ఆ మూడు రోజులే గుర్తుకొస్తాయి. ఆయన ప్లాట్‌ఫారం మీద క్యారియర్ పట్టుకుని నిలబడిన ఆ మూడు రోజులూ, నా ఫోను చెయ్యి చాపితే అందేంత దూరంలో బల్ల మీదే ఉంది.